వెనక నిలబడి లైట్లు చెప్పిన రోజులు

పోయిన మాఘంలో గుడివాడ దగ్గర మా చుట్టాల పెళ్లికి వెళ్లాం. పెళ్లికొడుకుని విడిదింటి నుంచి కల్యాణ మండపానికి పాత అంబాసిడర్‌లో తీసుకొచ్చారు. వాళ్ల తాతగారి బండి అట. ఎన్నో ఏళ్లు పాకలో గడ్డివాము పక్కన పడి ఉంటే, పెళ్లి కోసం బాగు చేయించి, తెల్ల పెయింటు కొత్తగా కొట్టించారు. బంతిపూల దండలు కట్టాక చూడ్డానికి రెండు కళ్లూ చాల్లేదు. దాని వెనకే మా కారు. అప్పటికే చీకటి పడింది. ముందు బండి డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడల్లా కుడివైపు ఎర్రలైటు జిగేల్‌మంటోంది, ఎడమవైపుది మాత్రం పూర్తిగా ఆరిపోతోంది. బ్రేకు వదిలితే మళ్లీ మామూలుగా వెలుగుతోంది.

"ఎడమ బల్బు పోయినట్టుంది" అన్నారు మా వారు.

"బల్బు పోలేదండీ, ఎర్త్ లేదు. లైటు బిగించే చోట పెయింటు కొట్టేసి ఉంటారు" అన్నాను.

మండపం దగ్గర దిగాక పెళ్లికొడుకు బాబాయికి ఇదే మాట చెప్పాను. ఆయన డిక్కీలోంచి స్క్రూడ్రైవర్ తీసి లైటు విప్పారు. స్క్రూ కూర్చునే చోట పెయింటు దళసరిగా, నున్నగా ఉంది. గీకితే లోపలి ఇనుము తెల్లగా బయటపడింది. మళ్లీ బిగించి బ్రేకు తొక్కితే రెండు లైట్లూ సమానంగా వెలిగాయి. ఆయన "నీకెలా తెలుసమ్మా?" అని అడిగారు. మా నాన్న పని అదేనని చెప్పాను. పెళ్లి సందడిలో అంతకుమించి చెప్పడానికి వీల్లేకపోయింది. చెప్పాలనుకున్నదంతా అప్పటి నుంచీ మనసులో తిరుగుతూనే ఉంది.

* * *

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో బళ్లకు వైరింగ్ పని చేసేవారు. కరెంటు మేస్త్రీ గారు అంటే ఆ వరసలో అందరికీ తెలుసు. ముందంతా తెరిచి ఉండే రేకుల షెడ్డు. ఒకవైపు లేతు మిషను, ఇంకోవైపు కమాన్లు కొట్టే షాపు, ఎదురుగా లారీ బాడీలు కట్టేవాళ్లు. పొద్దున్న మొదలైన సుత్తి దెబ్బలు చీకటి పడేదాకా ఆగేవి కావు. కమాను పట్టీ మీద పడే దెబ్బ ఒక రకం, టింకరింగ్ వాళ్లు రేకు మీద కొట్టే దెబ్బ ఇంకో రకం. కళ్లు మూసుకుని కూర్చున్నా ఎవరి షాపులో ఏం పని నడుస్తోందో చెప్పగలిగేదాన్ని. ఇంత మోతలో నాన్న పని ఒక్కటే చప్పుడు లేనిది. అందుకేనేమో, ఆయన కూడా తక్కువ మాట్లాడేవారు.

మా ఇల్లు పటమటలో. బడి వదలగానే పుస్తకాల సంచీతో సహా షెడ్డుకే వెళ్లేదాన్ని. అమ్మ టైలరింగ్ చేసేది, ఇంట్లో ఒక్కదాన్నీ ఉండటం ఎందుకని షెడ్డుకు పంపేది. మొదట్లో ఓ పాత టైరు మీద కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. కొన్నాళ్లకు నాన్న నాకో పని అప్పజెప్పారు. బండి వెనకాల నిలబడి లైట్లు చెప్పడం.

నాన్న డ్రైవర్ సీట్లో కూర్చుని ఒక్కో స్విచ్ వేసేవారు. నేను వెనక నుంచి అరిచి చెప్పాలి.

"పార్కు?"

"రెండూ ఉన్నాయి నాన్నా!"

"ఎడమ ఇండికేటరు?"

"కొడుతోంది!"

"బ్రేకు?"

"కుడిది ఉంది, ఎడమది లేదు!"

అంతటితో అయిపోయేది కాదు. వెలిగిందని ఊరుకుంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. "ఎలా వెలిగిందమ్మా? పక్కదానంత ఉందా? ఎర్రగా ఉందా, తెల్లగా ఉందా? వేయగానే వచ్చిందా, ఆగి వచ్చిందా?" ఇవన్నీ చెప్పాలి. మసగ్గా వెలిగిన లైటుకీ, అసలు వెలగని లైటుకీ జబ్బులు వేరు. ఒక లైటు వేస్తే ఇంకో లైటు కొద్దిగా మినుకుమన్నా సరే, అది చెప్పకపోతే మొత్తం లెక్కే తప్పుతుంది. చూసింది చూసినట్టు చెప్పడం, చూడనిది ఊహించి చెప్పకపోవడం నాకు అలవాటైంది అక్కడే, ఆ లారీల వెనక నిలబడే.

ఆయన పనిముట్లలో అన్నిటికంటే ముఖ్యమైంది టెస్ట్ లాంపు. కొన్నది కాదు, చేసుకున్నది. ఓ హోల్డరులో బల్బు, దానికి బారెడు వైరు, ఒక కొసకు క్లిప్పు, రెండో కొసకు గొడుగు ఊచను సానబట్టి చేసిన సూది. క్లిప్పు బండి ఇనుప చట్రానికి, అంటే ఛాసిస్‌కి తగిలించి, సూదితో వైరు పైతొడుగును గుచ్చితే కరెంటు అక్కడిదాకా వచ్చిందో లేదో తెలిసిపోయేది. తర్వాత ఆ సూది గుచ్చిన చోట ఓ చుట్టు టేపు వేసేవారు. ఆ కన్నంలోంచి నీళ్లు దిగి రాగి పచ్చబడుతుందని ఆయన భయం. మిగతావాళ్లు గుచ్చి వదిలేసేవాళ్లు.

* * *

ఎర్త్ సంగతి నాకు మొదటిసారి చెప్పింది ఓ టాక్సీ అంబాసిడర్ వెనకలైటు విప్పి. ఆ రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది.

ఎర్ర అద్దం తీసేశాక లోపల ఒక్కటే బల్బు ఉంది. పార్కు లైటూ అదే, బ్రేకు లైటూ అదే. నాన్న దాన్ని తీసి చొక్కాకి తుడిచి నా చేతిలో పెట్టారు. గాజులోపల రెండు ఫిలమెంట్లు కనిపించాయి, ఒకటి సన్నది, ఒకటి లావుది. సన్నది 5 వాట్లు, పార్కుకి. లావుది 21 వాట్లు, బ్రేకుకి. ఇత్తడి మూతికి ఇటూ అటూ రెండు చిన్న పిన్నులున్నాయి. గోటితో తడిమి చూడమన్నారు. ఒకటి కాస్త ఎత్తులో, ఇంకోటి కాస్త కిందికి ఉన్నాయి. తిరగేసి పెట్టకుండా అలా చేశారట. అయినా కొందరు బలవంతంగా తిప్పి బిగించేస్తారు, అప్పుడు పార్కు వేస్తే లావుది మండుతుంది, బ్రేకు తొక్కితే సన్నది వెలుగుతుంది, వెనక వచ్చేవాడికి మన బ్రేకు తెలియనే తెలియదు. బల్బు అడుగున రెండు సీసం చుక్కలు. ఒక్కో చుక్కకీ ఒక్కో వైరు కరెంటు తెస్తుంది.

"మరి తిరిగి వెళ్లే వైరేదీ?" అని అడిగాను.

నాన్న చాలా సంతోషించారు. ఆ ప్రశ్న అడుగుతాననే ఎదురు చూసినట్టున్నారు. బల్బు మూతిని చూపించారు. అక్కణ్ణుంచి హోల్డరులోకి, హోల్డరు నుంచి స్క్రూలోకి, స్క్రూ నుంచి బండి రేకులోకి, రేకు నుంచి బ్యాటరీకి. బండి ఇనుమంతా తిరుగుదారే. ఆ హోల్డరుకీ రేకుకీ మధ్య తుప్పు చేరిందంటే కరెంటుకి దారి మూసుకుపోయినట్టే.

"దారి మూసుకుపోతే ఆగిపోతుందనుకుంటాం. ఆగదమ్మా, ఇంకో దారి వెతుక్కుంటుంది" అన్నారు.

ఆ టాక్సీలో జరిగింది అదే. పార్కు వేస్తే 5 వాట్ల ఫిలమెంటు గుండా వచ్చిన కరెంటు రేకులోకి దిగే దారి లేక, పక్కనున్న 21 వాట్ల ఫిలమెంటు గుండా వెనక్కి ఎక్కి, బ్రేకు వైరు పట్టుకుని, కుడివైపు బల్బులోంచి ఎర్త్‌కి చేరుకుంటోంది. అందుకే ఎడమ లైటు బాగానే వెలిగినట్టు కనిపిస్తుంది. బ్రేకు తొక్కగానే ఆ వైరులోకి కూడా బ్యాటరీ కరెంటు వచ్చేస్తుంది. రెండు వైపులా సమానమైన ఒత్తిడి ఉంటే కరెంటు ఎటూ కదలదు. లైటు ఆరిపోతుంది. పెళ్లిలో నేను చూసిందీ అచ్చంగా ఇదే.

నాన్న హోల్డరు అంచుని గరుకు కాగితంతో రుద్దారు. స్క్రూ కన్నం చుట్టూ కూడా రుద్దారు, ఇనుము మెరిసేదాకా. బిగించే ముందు దాని మీద కాస్త గ్రీజు పూశారు, మళ్లీ తేమ తగలకుండా. బల్బు కొత్తది వేయలేదు. టాక్సీ ఆయన అప్పటికే రెండు కొత్త బల్బులు కొని తెచ్చుకున్నాడు. వాటిని తిరిగిచ్చేసి డబ్బులు తీసుకోమన్నారు నాన్న.

నేను తర్వాత ఫిజిక్స్ చదివి జూనియర్ కాలేజీలో లెక్చరర్‌నయ్యాను. కిర్కాఫ్ నియమాలు చెప్పాల్సి వచ్చిన ప్రతి ఏడూ బోర్డు మీద ఈ వెనకలైటు బొమ్మే వేసేదాన్ని. పుస్తకంలోని లెక్కలకు తలలు వంచుకునే పిల్లలు దీనికి మాత్రం తలెత్తి చూసేవాళ్లు.

* * *

వైర్ల రంగులు నాకు ఎక్కాల కన్నా ముందే వచ్చేశాయంటే అబద్ధం కాదు. అంబాసిడర్ మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. అందుకని వైర్ల రంగులు కూడా అక్కడి పద్ధతే. గోధుమరంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తాళంతో పనిలేదు. తెలుపు తాళం తిప్పితే వచ్చేది. నలుపు ఎర్త్. ఉత్త ఎరుపు పార్కు లైట్లకి. ఉత్త నీలం డిమ్ము స్విచ్చి దాకా వెళ్తుంది, అక్కడ రెండుగా చీలుతుంది. నీలం మీద తెల్ల చార అయితే బ్రైటు, నీలం మీద ఎర్ర చార అయితే డిమ్ము. ఆకుపచ్చ మీద ఎర్ర చార ఎడమ ఇండికేటరు, ఆకుపచ్చ మీద తెల్ల చార కుడి. ఆకుపచ్చ మీద ఊదా చార బ్రేకు లైటు. రాత్రి అన్నం తినేటప్పుడు నాన్న "ఆకుపచ్చ, ఊదా?" అనేవారు. నేను ముద్ద మింగకుండానే "బ్రేకు!" అనేదాన్ని. అమ్మ ఇద్దర్నీ కసిరేది.

రంగులు తెలిసినంత మాత్రాన సరిపోయేది కాదు. ఏళ్ల తరబడి నూనె, దుమ్ము పట్టి అన్నీ ఒకే మట్టి రంగుకి వచ్చేసేవి. బాగా పాత బళ్లలో వైర్ల మీద నూలు అల్లిక ఉండేది, ముట్టుకుంటే పొడిపొడిగా రాలేది. పెట్రోలు తడిపిన గుడ్డతో నెమ్మదిగా తుడిస్తే లోపలి చార బయటపడేది. ఆ తుడిచే పని కూడా నాదే. మధ్యలో ఎవరో చేతికి దొరికిన వైరు ముక్క అతికించి ఉంటే మాత్రం రంగుల పాఠం అక్కడితో సరి. అలాంటి అతుకు దొరికినప్పుడు నాన్న మొహం చిన్నబోయేది. ముందు దాన్ని విప్పి, సరైన రంగు ముక్క వేసి, సోల్డరింగ్ చేసి గానీ తర్వాతి పని చూసేవారు కాదు. రేపు ఇంకో మేస్త్రీ చూస్తే అతనికి అర్థం కావాలి కదా అనేవారు. ఎవరో తెలియని ఆ రేపటి మేస్త్రీ కోసం ఆయన పడ్డ తాపత్రయం నాకు ఇప్పుడు తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది.

అప్పటి అంబాసిడర్లలో బానెట్టు కింద చిన్న ఫ్యూజు పెట్టె ఉండేది. పనిచేసేవి రెండే రెండు గాజు ఫ్యూజులు, 35 ఆంపియర్లవి. ఒకటి హారన్ లాంటివాటికి. రెండోది తాళం తిప్పితే పనిచేసేవాటికి. అందుకే ఎవరైనా ఇండికేటర్లు పనిచేయడం లేదని వస్తే నాన్న ఇండికేటర్ల జోలికే వెళ్లేవారు కాదు. "వైపర్ తిరుగుతోందా? పెట్రోలు ముల్లు లేస్తోందా?" అని అడిగేవారు. అవీ లేవంటే ఫ్యూజు. అవి ఉండి ఇండికేటర్లు మాత్రమే లేకపోతే, వాటిని వెలిగించి ఆర్పే ఫ్లాషరు దగ్గరికి వెళ్లేవారు. ఒక్కవైపు మాత్రమే తేడాగా కొడుతోందంటే ఆ వైపు బల్బో, ఎర్తో. బానెట్టు ఎత్తకముందే సగం పని మాటల్లో అయిపోయేది. వచ్చినవాళ్లకి అది నచ్చేది కాదు ఒక్కోసారి, మేస్త్రీ చేయి పెట్టకుండా కబుర్లు చెబుతున్నాడని.

* * *

కైకలూరు నుంచి చేపల లోడుతో వచ్చే లారీలంటే మా షెడ్డులో అందరికీ కంగారే. కొల్లేరు పక్క చెరువుల్లో పట్టిన చేపల్ని ఐసుతో సర్ది దూర ఊళ్లకు పంపేవాళ్లు. దారి పొడవునా ఐసు కరిగిన నీళ్లు కారుతూనే ఉంటాయి. ఆ నీళ్లలో చేపల జిగురు, రక్తం, ఉప్పదనం. అవన్నీ సరిగ్గా వెనకలైట్ల వైర్ల మీదే పడతాయి. ఆ లారీల వెనక నిలబడి లైట్లు చెప్పాలంటే ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. కనెక్షన్లు విప్పితే రాగి తీగ పచ్చటి పొడిగా అరచేతిలో రాలేది. పైన తొడుగు చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపల తీగే ఉండదు.

ఓ రాత్రి షెడ్డు మూసే వేళకి చేపల లోడుతో పాత టాటా లారీ ఒకటి వచ్చింది. వెనకలైట్లు లేవు. డ్రైవరు పెద్దాయన, గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది.

"మేస్త్రీ గారూ, ఫ్యూజు వేసిన మరుక్షణం ఎగిరిపోతాందండీ. ఏలూరు దాటినకాడ్నించీ ఇదే వరస. ఐసు కరిగిపోతాంది, కాస్త తొందరగా చూడండి బాబూ."

నాన్న ఫ్యూజు పెట్టె తెరిచారు. అందులోవి పింగాణీ ఫ్యూజులు, తెల్లవి 8 ఆంపియర్లవి, ఎర్రవి 16 ఆంపియర్లవి. వెనకలైట్ల ఫ్యూజు చుట్టూ సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది. నాన్న దాన్ని ఊడబెరికి డ్రైవరుకి చూపించారు. "ఇది ఎగిరిపోదు. దీని బదులు వైరు అంటుకుంటుంది. వెనక ఉన్న లోడు సంగతి సరే, ముందు నువ్వూ క్లీనరూ పడుకునేది ఇక్కడే కదయ్యా" అన్నారు. కోప్పడలేదు, మామూలుగానే అన్నారు. డ్రైవరు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత ఆయన చేసిన పని నేను అంతకుముందు చూడలేదు. ఫ్యూజు తీసేసిన చోట, ఆ రెండు కొసల మధ్య టెస్ట్ లాంపు తగిలించారు. పార్కు స్విచ్ వేస్తే ఆ బల్బు నిండుగా వెలిగింది. వెనకలైట్లు మాత్రం లేవు. వైరు ఎక్కడో ఛాసిస్‌ని తాకుతోంది, కరెంటంతా అక్కడే దిగిపోతోంది. ఫ్యూజుని వేసినట్టయితే ఒక్క క్షణంలో పోయేది. బల్బు మాత్రం తనలోంచి వెళ్లాల్సినంతే వెళ్లనిస్తుంది, ఎంతసేపైనా వెలుగుతూ ఉంటుంది. ఆ వెలుగే మనకు కబురు చెబుతుంది.

నన్ను క్యాబిన్‌లో కూర్చోబెట్టి బల్బు చూస్తూ ఉండమన్నారు. ఆయన టార్చిలైటు పట్టుకుని లారీ కిందికి దూరారు. కింద నుంచి గొంతు వినిపించేది.

"ఇప్పుడు?"

"నిండుగా ఉంది నాన్నా!"

వైర్ల కట్టని ముందు నుంచి వెనక్కి జానెడు జానెడు కదుపుకుంటూ వెళ్తున్నారు. డ్రైవరు బీడీ వెలిగించి ఆర్పేశాడు, మళ్లీ వెలిగించాడు. బాడీ అడుగు నుంచి నీళ్లు టపటపా కారుతున్నాయి.

"ఇప్పుడు?"

"నిండుగానే ఉంది!"

ఇలా ఎంతసేపు నడిచిందో. ఒక్కసారిగా నా చేతిలో బల్బు మసకబారింది. వెనకాల క్లీనరు "లైట్లొచ్చినయ్! సన్నగా వచ్చినయ్!" అని కేక వేశాడు. తాకుడు విడిపోయింది కాబట్టి కరెంటు ఇప్పుడు వెనకలైట్ల దాకా వెళ్లి వస్తోంది, అందుకే అవీ ఇదీ కరెంటుని పంచుకుని సన్నగా వెలుగుతున్నాయి. నాన్న చేయి కదపకుండా అలాగే పట్టుకుని, డ్రైవర్ని కిందికి పిలిచి చూపించారు. ఛాసిస్ అడ్డపట్టీ మీదుగా వైరు దాటే చోట ఇనుప క్లిప్పు అంచు తొడుగులోకి దిగిపోయింది. బండి ఊగినప్పుడల్లా కోసుకుంటూ కోసుకుంటూ తీగని చేరింది.

అక్కడ పాత ట్యూబు రబ్బరు ముక్క తొడిగి, గుడ్డ టేపు చుట్టి, క్లిప్పు అంచు ఆకురాయితో నున్నగా చేసి, మామూలు తెల్ల ఫ్యూజు వేశారు. లైట్లు వెలిగాయి. లారీ వెళ్లిపోయింది. కొన్నాళ్లకి అదే డ్రైవరు కలకత్తా నుంచి రసగుల్లాల డబ్బా పట్టుకొచ్చి నా చేతికిచ్చాడు. "మా పాప లైటు చూసి చెప్పబట్టే ఆ రోజు లోడు చేరింది" అన్నాడు. ఆ మాటకి నేను పొంగిపోయినంతగా తర్వాత డిగ్రీలో క్లాసు వచ్చినప్పుడు కూడా పొంగిపోలేదు.

* * *

అప్పటి రాత్రుళ్ల వెలుగే వేరు. చాలా బళ్లకి ఇంకా డైనమోలే. ఇంజన్ నెమ్మదిగా ఉంటే డైనమో కరెంటు ఇవ్వలేదు. గేటు దగ్గర బండి ఆగితే హెడ్‌లైట్లు ఎర్రబడేవి, కదిలితే మళ్లీ తెల్లబడేవి. హెడ్‌లైటు అద్దాల పైసగానికి నల్లరంగు పూసి ఉండేది, ఎదుటివాడి కళ్లలో కొట్టకుండా. స్కూటర్లయితే మరీను. 6 వోల్టుల లైట్లు ఇంజన్ మీదే ఆధారపడి బతికేవి. యాక్సిలరేటర్ తిప్పితే వెలుగు, వదిలితే గుడ్డిదీపం. పైగా ముందు బల్బు పోయిందంటే దాని బరువు తగ్గి వోల్టేజి పెరిగిపోయేది, దాంతో వెనక బల్బూ పోయేది. స్కూటరాయన ఒక బల్బు కోసం వస్తే నాన్న రెండోది కూడా చూసి పంపేవారు.

కంకిపాడు వైపు పల్లెలు తిరిగే డాక్టరు గారు ఒకాయన ఉండేవారు. రాత్రిపూట కాన్పులకు వెళ్లాలంటే హెడ్‌లైట్లు ఆనడం లేదని ఆయన బాధ. ఎవరో 100 వాట్ల బల్బులు వేస్తే సరిపోతుందని చెప్పారట. వేశారు. వెలుగు పెద్దగా పెరగలేదు, స్విచ్ మాత్రం ముట్టుకుంటే కాలేది. నాన్న అప్పటికి మీటరు కొన్నారు. బ్యాటరీ దగ్గర కొలిచి, బల్బు దగ్గర కొలిచి, ఆ రెండు అంకెలూ నా నోటుబుక్కు వెనక అట్ట మీద రాశారు. మధ్యలో ఎంత పోతోందో అక్కడే తెలిసిపోయింది. బల్బు దగ్గర వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. ఆ సంగతి నేను డిగ్రీ ల్యాబులో లెక్కగట్టి చూశాను గానీ, నాన్నకి అది కంటితో తెలుసు.

ఆ బండిలో డిమ్ము స్విచ్చి కింద నేల మీద, ఎడమకాలి దగ్గర ఉండేది. పల్లెల బురద చెప్పులతో తొక్కీ తొక్కీ లోపల మట్టి చేరింది. నాన్న దాన్ని విప్పి కడిగి, లోపలి రాగి ముక్కలు రుద్ది, మళ్లీ మామూలు బల్బులే వేశారు. తర్వాత బ్యాటరీ నుంచి హెడ్‌లైట్లకి కాస్త లావు వైరు లాగి మధ్యలో రిలేలు పెట్టారు. స్విచ్‌కి ఇక రిలేని లేపడమే పని, బల్బుల బరువంతా రిలే మోస్తుంది. ఆ రాత్రి డాక్టరు గారు మమ్మల్ని కూడా ఎక్కించుకుని బందరు రోడ్డు మీద కొంత దూరం తీసుకెళ్లారు. రోడ్డు పక్క చింతచెట్ల మొదళ్లకి వేసిన సున్నం పట్టీలు దూరం దాకా ఒకదాని వెనక ఒకటి కనబడ్డాయి. డాక్టరు గారు ఏమీ అనకుండా నవ్వుతూ నడిపారు. నాన్న మాత్రం లైట్లని చూడలేదు, వంగి స్విచ్ మీద చేయి పెట్టి వేడెక్కిందేమో చూస్తున్నారు.

* * *

మొత్తం వైరింగ్ మార్చాల్సిందేనని ఎక్కడో చెప్పించుకుని, చివరి ఆశగా మా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది. ఓ టాక్సీ ఆయన భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టడానికి సిద్ధపడి వచ్చాడు. ఆ బండిలో జబ్బు డిక్కీ పక్కన వైర్లు కలిసే ఒక్క బుల్లెట్ కనెక్టర్ వదులవడం. నాన్న దాన్ని పట్టకారుతో నొక్కి బిగించి, టీ డబ్బులు మాత్రం తీసుకున్నారు. అమ్మ ఇలాంటివి విన్నప్పుడు కోప్పడేది. ఇల్లు గడవాలి కదా మరి. ఆమె కోపం న్యాయమే. నాన్న చేసింది కూడా న్యాయమేనని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

2014లో అంబాసిడర్ తయారీ ఆపేశారని పేపర్లో వచ్చినప్పుడు నాన్న ఆ వార్త రెండుసార్లు చదివారు. అప్పటికే షెడ్డుకి వచ్చే బళ్లు మారిపోయాయి. బల్బు బదులు ఎల్ఈడీ, స్విచ్‌కీ లైటుకీ మధ్య ఓ కంప్యూటర్ పెట్టె. కొన్నింటిలో టెస్ట్ లాంపు గుచ్చితే ఆ పెట్టెకే ముప్పు. ఆయన కొత్తవి నేర్చుకోవాలని ప్రయత్నించారు. స్కానర్ ఉన్న కుర్రాడి పక్కన కూర్చుని అది చూపించే కోడ్లు రాసుకునేవారు. "ఎక్కడ చెడిందో అది చెబుతోంది గానీ, ఎందుకు చెడిందో మనమే చూసుకోవాలి" అనేవారు. కంటిచూపు తగ్గాక షెడ్డు వదిలేశారు. ఇప్పుడక్కడ కార్లకి సీటు కవర్లు, రంగురంగుల లైట్లు అమ్ముతున్నారు.

నాన్న పోయాక పనిముట్లన్నీ ఆయన దగ్గర పని నేర్చుకున్న అబ్బాయికి ఇచ్చేశాం. అబ్బాయి అంటున్నాను గానీ, అతనికీ జుట్టు నెరిసింది. గన్నవరం దగ్గర సొంతంగా షాపు పెట్టుకున్నాడు. ఎక్కువగా ట్రాక్టర్లు వస్తాయి. మొన్న అటువైపు వెళ్లినప్పుడు ఆగి చూశాను. ఓ వరిగడ్డి ట్రాలీ వెనకలైట్లు చూస్తున్నాడు. ట్రాక్టరుకీ ట్రాలీకీ మధ్య ఎర్త్ ఆ కొక్కెం గుండానే వెళ్తుంది, అక్కడ గ్రీజు, మట్టి, తుప్పు. గతుకు వచ్చినప్పుడల్లా లైట్లు పోయి వస్తున్నాయని రైతు అంటున్నాడు.

"ఏం చేస్తావ్?" అని అడిగాను.

"ఇంకేం చేస్తానక్కా, ట్రాలీకి వేరేగా నల్ల వైరు లాగుతున్నా. మేస్త్రీ గారు చెప్పిందే" అన్నాడు. తర్వాత ట్రాక్టరెక్కి కూర్చుని, "అక్కా, ఎలాగూ వెనకే ఉన్నావు, కాస్త చూసి చెప్పు. పార్కు?"

"రెండూ ఉన్నాయి. ఎడమది కొద్దిగా తక్కువ."

"తక్కువంటే?"

"ఎర్రగా ఉంది. కుడిదంత లేదు."

అతను దిగొచ్చి ఎడమ లైటు స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.